జల్లెడలో మిగిలినవి

తెల్లారేసరికి షెడ్డు ముందు బకెట్లు వరస కట్టేవి. మూతలున్నవి, లేనివి, మూతకు బదులు ఇటుకరాయి పెట్టుకున్నవి. ఊళ్ళో ఏ ఇంట్లో ఏం వండారో, ఏది మాడిందో, ఏది ఎవరికీ నచ్చలేదో పురుగులక్కకే ముందు తెలిసేది. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పురుగుల షెడ్డు పెత్తనం చేతికొచ్చాక ఆ పేరుతో పిలిచే నాథుడు లేకుండా పోయాడు. మొదట్లో చిన్నబుచ్చుకుంది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో అనుకుని తనే వెనక్కి తిరిగి చూసేది.

పని వినడానికి తేలిక. బకెట్లు ఒంపి, పెద్ద ముక్కల్ని పారతో నరికి, చెమ్మ ఎక్కువైతే రంపపుపొట్టు కలిపి, పొడుగాటి సిమెంటు తొట్టెల్లో పరచాలి. తొట్టెల్లో పురుగులుంటాయి. నల్ల ఈగ పిల్లలు. వచ్చినప్పుడు కంటికి ఆనవు, నాలుగు పూటలు తిన్నాక బియ్యపు గింజంత అవుతాయి, ఇంకా తిని చిటికెన వేలి కణుపంత లావెక్కుతాయి. అవి తింటుంటే రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడొచ్చేది. అరటి తొక్క, కుళ్ళిన టమాటా, పాచిపోయిన అన్నం, పెళ్ళివారింటి నుంచి గంగాళంలో వచ్చిన మిగులు, ఏదైనా సరే వాటికి కాదనడం తెలియదు. తిన్నంత తిని, ఒంటి రంగు మారి ముదురు గోధుమ రంగుకొచ్చాక మాత్రం నోరు కట్టేసుకునేవి. అప్పుడిక పంచభక్ష్య పరమాన్నాలు పెట్టినా ముట్టవు. పొడి చోటు వెతుక్కుంటూ తొట్టె అంచు ఎక్కి, వాటంతట అవే పక్కనున్న డబ్బాలో పడతాయి. వాటిల్లో కొన్నిటిని ఈగలు కావడానికి వదిలి, మిగతావి ఆరబెట్టే పెట్టెలో ఎండబెట్టి కోళ్ళకూ చేపలకూ పంపేవారు. తొట్టె అడుగున మిగిలిన నల్లటి పొడిని జల్లించి తోటలకు ఇచ్చేవారు. ఈగకు రెక్కలొచ్చాక నోరే ఉండదు. తినాల్సినదంతా పురుగుగా ఉన్నప్పుడే తినేసి, ఆ తర్వాత బతికే ఆ కాసిని రోజులూ వల కట్టిన గూళ్ళలో ఎగిరి, జత కట్టి, గుడ్లు పెట్టి పోయేది.

ఈ పురుగులు తిండితో పాటు ఇంకోటి కూడా తినేవి. ఎవరైనా మనసు విరిగి అన్నం దగ్గర్నుంచి లేచిపోయి, ఆ వదిలేసినది బకెట్లో పడి, బకెట్ షెడ్డుకొచ్చి, పురుగులు దాన్ని తిన్నాయంటే, ఏ సంగతికి లేచిపోయారో ఆ సంగతి వాళ్ళకు గుర్తుండేది కాదు. పూర్తిగా, పలక తుడిచినట్టు. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ములు వాటాల దగ్గర తగువు పడి, ముద్ద వదిలేసి లేచి, ఆ కోపంలో పొద్దుపోయేలోగా ఇంటి మధ్యన గోడ లేపారు. మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి, దీన్నెవరు కట్టారా అని బుర్ర గోక్కున్నారు. పరీక్ష తప్పిన పిల్ల అదే పరీక్షకు మొదటిసారి వెళుతున్నంత హుషారుగా మళ్ళీ వెళ్ళింది. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. నీళ్ళు పల్లానికి పోతాయని చెప్పుకుంటామా? ఎప్పుడైనా తొట్టెలు ఖాళీ లేక బకెట్ ఆలస్యమైతే మాత్రం వచ్చి అడిగేవాళ్ళు. "మాది ఇంకా వెయ్యలేదా అక్కా, పొద్దుట్నుంచీ గుండెల మీద రాయి పెట్టినట్టుంది" అని.

పళ్ళెంలో ఏమీ మిగల్చనివాళ్ళకు మాత్రం ఈ సౌకర్యం లేదు. తిన్నవాడికి తిన్నది ఒంటబట్టినట్టే జరిగిందీ ఒంటబడుతుంది. ఊళ్ళో అలాంటివాళ్ళు తక్కువ. ఒకడు షెడ్డులో జల్లెడ పట్టే తాత. తాత తన డబ్బాలో మెతుకు మిగిల్చిన రోజు లేదు. ఇంకొకాయన పురుగులక్క చెల్లెలి మొగుడు.

మరిదికి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. గట్టిగా మాట్లాడి ఎరుగడు. అద్దం తుడిచినా, చొక్కా మడిచినా, అన్నం తిన్నా ఒకటే తీరు. ఆయన లేచాక పళ్ళెం చూస్తే కడిగి పెట్టారా అనిపించేది. ఊళ్ళో మగాళ్ళు చెత్త బకెట్ వంక కన్నెత్తి చూడరు, ఈయన మాత్రం అప్పుడప్పుడూ పొద్దున్నే స్వయంగా పట్టుకొచ్చేవాడు. ఆడవాళ్ళు తమ మొగుళ్ళను దెప్పడానికి ఆయన పేరే వాడుకునేవాళ్ళు. "ఆ కళ్ళజోళ్ళాయన్ని చూసైనా నేర్చుకోకూడదూ" అని. బకెట్ తెచ్చి అక్కడ పడేసి పోయేవాడు కూడా కాదు. వదినగారి యోగక్షేమాలు అడిగి, తొట్టెలో ఒంపేదాకా నిలబడి చూసి, ఖాళీ బకెట్ కుళాయి కింద కడుక్కుని మరీ వెళ్ళేవాడు. పురుగులక్క ముక్కు మీది కళ్ళజోడు ఆయన చేసి ఇచ్చిందే. అది పెట్టుకున్నాకే ఆవిడకు పురుగుల కళ్ళు కనపడ్డాయని షెడ్డులో నవ్వుకునేవారు.

మరి చెల్లెలు? చెల్లెలికి చేతుల్లో ఏదీ నిలవదని ఇంటా బయటా పేరు పడిపోయింది. జారుడు చేతులని పురుగులక్కే ముద్దుపేరు పెట్టింది. పెళ్ళికి అక్క నీలిపూల పింగాణీ పళ్ళేలు ఆరు కొనిచ్చింది. వెళ్ళినప్పుడల్లా అవి తగ్గుతూ కనపడేవి. "ఏమయ్యాయే?" అంటే చెల్లెలు నవ్వేది. "ఏమోనే, జారిపోయాయట. నాకైతే గుర్తు కూడా లేదు. ఆయనే పాపం ఏరి పారేశారట" అనేది. మోచేతి మీద నల్లటి మచ్చ ఉంటే తలుపు గడియ తగిలి ఉంటుందనేది. తగిలిందని కాదు, తగిలి ఉంటుందని. పురుగులక్క తన వంతుగా ఇంకో నాలుగు ఛలోక్తులు విసిరి, టీ తాగి ఇంటికొచ్చేది.

ఈసారి వెళ్ళినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. పక్కన కూర్చుని ఏదో అడిగితే చెల్లెలు పలకలేదు. రెండోసారి అడిగినా పలకలేదు. భుజం తడితే ఉలిక్కిపడి, మొహం మొత్తం ఇటు తిప్పి, "అటు కూర్చో అక్కా, ఈ చెవి పనిచెయ్యడం లేదు" అంది. ఎప్పట్నుంచి అంటే తెలియదంది. డాక్టరు చూసి లోపల పొర చిరిగిందన్నాడట, ఏదైనా దెబ్బ తగిలిందా అని అడిగాడట. "దెబ్బ తగిలితే నాకు తెలియదా? నవ్వొచ్చింది నాకు" అంది చెల్లెలు, చెప్పి మళ్ళీ నవ్వింది. పక్క గదిలోంచి మరిది మంచినీళ్ళ గ్లాసులు పట్టుకొచ్చి, ఒకటి వదినగారికి, ఒకటి పెళ్ళాం మంచి చెవి వైపు నిలబడి పెళ్ళానికి ఇచ్చాడు. ఆ నిలబడడం పురుగులక్కకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ మర్నాడు తాతకు మోకాళ్ళు పట్టేశాయి. జల్లెడ ఊపలేనంటే పురుగులక్కే పట్టింది. నల్లపొడి కిందికి జారిపోయింది. పైన ఎప్పటిలాగే పురుగులు తినలేనివి మిగిలాయి. మామిడి టెంకలు, ఎముక ముక్కలు, ఎవరి చొక్కాదో ఒక బొత్తం. వాటి మధ్య తెల్లగా ఒక పింగాణీ పెంకు. దాని మీద సగం నీలిపువ్వు.

ఆవిడ పెంకు తీసి కొంగుతో తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టబోయింది. గట్టు మీద తాత బీడీల డబ్బా పక్కన ఇంకో పాత రేకు డబ్బా ఉంది. అదక్కడ ఎప్పుడూ ఉండేదే, మేకులు పోసే డబ్బా అనుకునేది. ఇవాళ ఎందుకో మూత తీసింది. లోపల అన్నీ నీలిపూల పెంకులే. పెద్దవి, చిన్నవి, అంచులవి, మధ్యవి. నేల మీద గోనెసంచి పరచి, ఒక్కొక్కటే పేర్చింది. చిన్న పిల్లలు బొమ్మల ముక్కలు అతికించుకున్నట్టు కూర్చుని అతికించింది. ఒక పళ్ళెం అయింది. పక్కన ఇంకోటి అయింది. ఇంకా పెంకులు మిగిలాయి.

తాత గోడకు చేరగిలబడి మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"ఇవి ఎప్పుడు దొరికాయి తాతా?"

"ఒకసారి దొరికినవా అవి," అన్నాడు తాత.

"నాకు చెప్పాలి కదా."

తాత నూనె రాసుకోవడం ఆపాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, విసుగూ ఉంది. "చెప్పాను తల్లీ. దొరికినప్పుడల్లా చెప్పాను. చెప్పినప్పుడల్లా నువ్వు ఇలాగే గోనె పరిచావు, ఇలాగే పేర్చావు, ఇలాగే ఏడ్చావు."

అప్పుడు గానీ పురుగులక్కకు తను ఏడుస్తున్నట్టు తెలియలేదు.

"తర్వాత?"

"తర్వాత ఏముంది, అన్నం వేళయ్యేది. డబ్బా తీసి రెండు ముద్దలు తిని, గొంతు దిగడం లేదని మిగతాది తొట్టెలో పడేసేదానివి. అందరం పడేస్తాం కదా, ఎవరు కాదంటారు? మర్నాడు పొద్దున్నే కూనిరాగం తీసుకుంటూ వచ్చేదానివి. పెంకుల డబ్బా చూసి, మేకులున్నాయా తాతా అని అడిగేదానివి."

షెడ్డులో పనిచేసేవాళ్ళ అలవాటే అది. పక్కనే తొట్టె పెట్టుకుని తిన్న మిగులు ఎక్కడికో మోసుకెళ్ళే పిచ్చివాడెవడు? డబ్బా బోర్లించడం, రెండు తట్లు తట్టడం, మూత పెట్టడం. ఎన్నిసార్లు చేసిందో ఆవిడ చేతికి తెలుసు, ఆవిడకు తెలియదు.

"మరి నువ్వు ఆపలేదేం?" అంది.

"మొదట్లో ఆపబోయాను. నన్ను కసిరావు. ఆ పైన..." తాత మోకాలి వంక చూసుకున్నాడు. "ఆ పైన, నీకదే సుఖంగా ఉందేమో అనుకున్నాను. నాకూ ముసలితనం వచ్చింది. ఏడ్చేవాళ్ళను పదే పదే చూడలేను." అలా అన్నాడే గానీ, అన్నందుకు సిగ్గుపడినట్టు మళ్ళీ నూనె సీసా అందుకున్నాడు.

పళ్ళేలు పగిలిందీ, చెవికి దెబ్బ తగిలిందీ చెల్లెలికి ఎందుకు గుర్తు లేవో, ఆమె ఎందుకు అన్నం వదిలి లేచిపోతుందో పురుగులక్కకు ఇప్పుడు అర్థమైంది. పళ్ళెం విసిరినరోజు చెల్లెలి అన్నం బకెట్లోకి, పెంకులతో సహా బకెట్లోకి. ఆ బకెట్ మోసుకొచ్చేది ఆ పళ్ళెం విసిరినవాడే. దాన్ని ఇన్నాళ్ళూ తొట్టెలో ఒంపింది తన చేతులే. ఇంకొకటి కూడా అర్థమైంది, అది అన్నిటికన్నా చేదుగా ఉంది. ఆయన తన పళ్ళెంలో మెతుకు మిగల్చడు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. కొట్టిందీ గుర్తుంది, మర్నాటికి ఆమె మరచిపోతుందన్నదీ గుర్తుంది. ఆ చెవి వినపడదని ఆమెకన్నా ముందే తెలిసి, మంచి చెవి వైపు నిలబడ్డాడు.

అన్నం వేళ అయింది. ఆవిడ డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టుంది. రెండోది నాలుక మీదే ఉండిపోయింది. పక్కనే తొట్టె, సన్నటి వాన చప్పుడు. ఒక్కసారి డబ్బా బోర్లిస్తే చాలు, ఈ గుండెల్లో పట్టుకున్నది వదిలిపోతుంది. ఆవిడకు నిజంగానే బోర్లించాలనిపించింది. అంత పిరికిదాన్నా అని తన మీద తనకే అసహ్యం వేసింది. నీళ్ళు తాగి ముద్ద మింగింది. ఇంకో ముద్ద కలిపింది. తాత పక్కకు జరిగి కూర్చుని, చంటిపిల్లకు చెప్పినట్టు, "ఇంకొంచెం. అదుగో, అయిపోవచ్చింది" అంటూ వచ్చాడు. చివరి మెతుకు వేలికి అద్దుకుని తిని, డబ్బా కడిగిన నీళ్ళు కూడా తాగేసింది. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్ళి గోడ పట్టుకు నిలబడింది. కడుపులోంచి తన్నుకొస్తున్న దాన్ని బయటికి రానివ్వకుండా అలాగే నిలబడింది.

మర్నాడు లేచేసరికి అన్నీ గుర్తున్నాయి. ఒళ్ళంతా బరువుగా ఉంది.

చెల్లెలి దగ్గరికి వెళ్ళి చెప్పింది. పెంకులు చూపించింది. చెల్లెలు విన్నది, మంచి చెవి ఇటు తిప్పి శ్రద్ధగానే విన్నది. విని, అక్క చెయ్యి పట్టుకుని, "ఆ షెడ్డులో వాసనకు నీకు తల తిరుగుతోందక్కా. కొన్నాళ్ళు సెలవు పెట్టు. ఆయన అలాంటివారు కాదని నీకు తెలియదా?" అంది. కళ్ళలో అబద్ధం లేదు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది పాపం. తనతో వచ్చి నాలుగు రోజులు ఉండమంటే, ఆయనకు అన్నం ఎవరు పెడతారంది. పురుగులక్క బజారుకు వెళ్ళి మరిదిని అడిగితే, ఆయన అద్దం తుడవడం ఆపకుండా, "మీ చెల్లెల్నే అడగండి వదినగారూ. నేను ఎప్పుడైనా ఒక్క మాటన్నానని ఆమె చెబితే మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు పురుగులక్కను వింతగా చూశారు.

ఆయన దగ్గర్నుంచి ఆమెను ఈడ్చుకు రావచ్చు. రేపు మళ్ళీ నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. పోయినవన్నీ పురుగుల కడుపుల్లోకి, అక్కణ్ణుంచి కోళ్ళలోకీ చేపల్లోకీ తోటల్లోకీ పోయాయి. వాటిని ఎవరూ తిరిగి తేలేరు. ఇంకొకసారి జరిగి, ఆ బకెట్ పురుగులు తినకుండా ఉంటేనే చెల్లెలి దగ్గర ఏదైనా మిగులుతుంది. ఆ ఇంకొకసారి కోసం తను ఎదురు చూడాలి. సొంత చెల్లెలికి దెబ్బ తగలాలని ఎదురుచూసే అక్క ఎక్కడైనా ఉంటుందా అని రాత్రీ పగలూ తన్ను తాను తిట్టుకుంది. రోజూ సాయంత్రం ఏదో వంకతో చెల్లెలింటికి వెళ్ళి పొద్దుపోయేదాకా కూర్చునేది, తను ఉన్నంతసేపూ ఏమీ జరగదన్న ఆశతో. రోజూ పొద్దున్న బకెట్ల వరసలో ఆయన నీడ కోసం చూసేది. రాకపోతే ఊపిరి పీల్చుకునేది, ఊపిరి పీల్చుకున్నందుకు మళ్ళీ బెంగపడేది. మధ్యాహ్నం డబ్బా మాత్రం ఖాళీ చేసేది. ఒళ్ళు వచ్చిందని షెడ్డులో వేళాకోళం చేశారు.

ఒళ్ళు వెచ్చబడి ఆవిడ వెళ్ళలేకపోయింది ఒక్క సాయంత్రమే. మర్నాడు మబ్బు పట్టిన పొద్దున్న ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో మూత పెట్టిన బకెట్.

"ఒంట్లో ఎలా ఉంది వదినగారూ?" అన్నాడు, దుకాణంలో ఏమీ జరగనట్టే.

"బాగానే ఉంది మరిదిగారూ," అంది. బకెట్ అందుకుంటుంటే లోపల పింగాణీ గలగలమంది. ఆయన ఎప్పటిలాగే తొట్టె వైపు అడుగేసి నిలబడ్డాడు. ఒంపేదాకా కదలడు.

ఆ వరసలో దగ్గరున్న తొట్టెలన్నీ తెల్లటి పురుగులవి, ఆకలి మీదున్నవి. వాటిలో ఒంపితే మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది. ఆవిడ ఆగలేదు. బకెట్ పట్టుకుని నేరుగా చివరి తొట్టె దగ్గరికి నడిచింది. అక్కడ వెలుతురు తక్కువ. పురుగులు ముదిరి, రంగు మారి, ముందురోజు నుంచే అంచులెక్కడం మొదలెట్టాయి.

"ఇవాళ అందులోనా?" అన్నాడు ఆయన వెనకే వచ్చి.

"ఇవి పెద్దవి. పెద్దవి కదా, ఎక్కువ తింటాయి," అంది పురుగులక్క.

ఆయన వంగి చూశాడు. ఊరందరి చూపులో లోపాలు కనిపెట్టే మనిషి. బకెట్లోంచి అన్నం, కూర, నీలిపూల పెంకులు జారి పురుగుల మీద పడ్డాయి. పురుగులు అటూ ఇటూ దొర్లాయి, ఒకదాని మీంచి ఒకటి పాకాయి, పైకి లేచాయి, కిందికి దిగాయి. చూసేవాళ్ళకు ఎగబడి తింటున్నట్టే ఉంది. అవి దారికడ్డం వచ్చిన దాన్ని తప్పించుకుని పొడి చోటికి పోతున్నాయని పురుగులతో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన తృప్తిగా తల పంకించి, బకెట్ కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే తాత మోకాళ్ళ నొప్పి సంగతి మరచిపోయి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఇద్దరూ కలిసి చేతుల్తో అన్నమంతా ఎత్తారు, మెతుకు మెతుకూ ఏరి, అంటుకున్న పురుగుల్ని వేరుచేసి, తట్టలో పరిచి ఆరబెట్టే పెట్టెలో పెట్టారు. మధ్యాహ్నానికి అది గలగలలాడే ఎండు పలుకులైంది. ఒక గాజు సీసాలో పోసి, మూత బిగించి, గట్టు మీద పెంకుల పక్కన పెట్టింది.

మిగతా పనివాళ్ళందరూ చెట్టు కిందికి అన్నాలకు పోయిన వేళ చెల్లెలు వచ్చింది. చెప్పులు వేసుకోవడం మరచిపోయింది. ఒక చెంప వాచి ఉంది. అంతకుముందు మచ్చలు కనపడిన రోజుల్లో ఆ మొహంలో నవ్వు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇప్పుడు అది వేరే మొహం. పురుగులక్క దాన్ని ఎప్పుడూ చూడలేదు, కానీ చూడగానే ఇదే తన చెల్లెలని గుర్తుపట్టింది.

"అక్కా, మాది వెయ్యలేదా?" అంది గుమ్మంలోంచే.

"లేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

పురుగులక్క సీసా తీసి చేతిలో పెట్టింది. చెల్లెలికి అదేమిటో చెప్పనక్కర్లేకపోయింది. సీసాను గుండెలకు ఆనించుకుని ఒక్కసారి, వెంటనే దూరంగా పట్టుకుని, "వేసెయ్యవే. నీకు దణ్ణం పెడతాను, ఇప్పుడే వేసెయ్యి. నేను మొయ్యలేను. రాత్రి నుంచీ అదే... ఆయన చొక్కా చేతులు మడుచుకోవడం దగ్గర్నుంచీ అదే కనపడుతోంది. మడత నలగకుండా మడుచుకున్నాడే" అంది. అక్క మీద కోపం కూడా వచ్చింది. ఊళ్ళో అందరి బాధా తీసేదానివి, నాదొక్కటే ఉంచావా, నేనేం పాపం చేశానంది.

"నీ ఇష్టం," అంది పురుగులక్క. "ఇదిగో తొట్టె. ఇవి ఆకలి మీదున్నాయి. నువ్వే పొయ్యి. నేను అడ్డం రాను."

చెల్లెలు మూత తీసింది. తెల్లటి పురుగుల తొట్టె ముందు నిలబడింది. వాన చప్పుడు ఆమెకు ఒక చెవిలోనే వినపడి ఉంటుంది. తాత కిటికీ దగ్గర్నుంచి మొహం తిప్పుకున్నాడు. పురుగులక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలి చూపు నేల మీది గోనెసంచి మీద పడింది. ఆరోజు చెల్లెలింటి నుంచి వెనక్కి తెచ్చిన పెంకుల్ని పురుగులక్క మళ్ళీ పేర్చి ఉంచింది. పగిలిన పళ్ళేలు నాలుగు. పొద్దున్న వచ్చిన పెంకులు వాటి పక్కన విడిగా, ఐదోది.

"ఇవన్నీ నావేనా?"

"నేనిచ్చినవే."

"మొన్న చూపించావు కదూ," అంది చెల్లెలు మెల్లగా. "నేను నమ్మలేదు." వంగి ఒక పెంకు తీసి, దాని అంచు వేలితో రాసింది. "ఇంట్లో ఒకటే ఉంది. దానిలో ఆయన తింటాడు." తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నా చేతులు జారవన్నమాట," అంది. ఎవరో దొంగతనం మోపి, చాలాకాలం తర్వాత నువ్వు కాదని చెప్పినట్టు అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు ఐదు పళ్ళేలకు సరిపడా వచ్చింది.

సీసా మూత ఆమే బిగించి గట్టు మీద పెట్టింది.

పురుగులక్క తన డబ్బా తెరిచింది. మూతలో సగం పెట్టి చెల్లెలి ముందుకు జరిపింది. "ఆకలి లేదు" అంది చెల్లెలు. "లేదని తెలుసు. అయినా తిను. ఒక్క మెతుకు మిగల్చకు," అంది అక్క. చెల్లెలు అక్క మొహంలోకి చూసి, అర్థం చేసుకుని, ముద్ద కలిపింది. వాచిన చెంపతో నమలడం కష్టమైంది. అక్కచెల్లెళ్ళిద్దరూ తొట్టెల మధ్య నేల మీద కూర్చుని, ఎవరో బెత్తం పట్టుకుని పక్కన నిలబడ్డట్టు, ఆ అన్నం తిన్నారు. తాత తన డబ్బాలోంచి కాస్త కూర తెచ్చి ఇద్దరికీ వేశాడు. మూత అడుగున అంటుకున్నది కూడా చెల్లెలు వేలితో తీసి తిన్నది.

సాయంత్రం ఆయన వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరని, పెళ్ళాం ఇక్కడుందేమో చూద్దామని వచ్చానన్నాడు. ఆమె జల్లెడ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ఆయన అలవాటు ప్రకారం మంచి చెవి వైపుకు వెళ్ళి వంగాడు.

"ఇంటికి వెళదాం పద," అన్నాడు. గొంతు తేనెలా ఉంది. "చెంపకేమైంది? మళ్ళీ ఎక్కడ తగిలించుకున్నావు?"

చెల్లెలు తల ఎత్తింది. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఇవాళ నేను అన్నం మొత్తం తిన్నాను," అంది.

మరిది తొట్టె వైపు చూశాడు, గట్టు మీది సీసా వైపు చూశాడు, గోనె మీది పళ్ళేల వైపు చూశాడు. ఊరి చూపంతా సరిచేసిన మనిషికి కొంచెం ఆలస్యంగా అన్నీ కనపడ్డాయి. పెళ్ళాం వైపు ఒక అడుగు వేయబోతే, తాత జల్లెడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. పురుగులక్క అప్పటికే చెల్లెలి పక్కన నిలబడి ఉంది, వినపడని చెవి వైపు.

ఆయన చొక్కా సర్దుకుని వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి షెడ్డుకు బకెట్ రాలేదు. అక్కడ ఒక్క మనిషే తింటున్నాడు, ఆయన ఏమీ మిగల్చడు.